పొద్దున జడ ఎన్నింటికి వేసుకుంటారు?

2023 కార్తీక పౌర్ణమికి ముందు రోజు. 365 ఒత్తులు చేద్దామని పత్తి, విభూది ముందేసుకుని కూర్చున్నాను. ఏటా చేసే పనే, సీరియల్ చూస్తూ గంటన్నరలో ముగించి లేచేదాన్ని. ఆ సాయంత్రం నలభై ఒత్తులు దాటేసరికి కుడి చూపుడు వేలు, మధ్య వేలు మొదట్లో ఉండే కణుపుల్లో సలుపు పట్టుకుంది. చలికి అనుకున్నాను. మిగతావి మా అమ్మాయి చేసింది.

నేను తెనాలిలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. వయసు 44. ఇరవై రెండేళ్లుగా మిషనే నాకు అన్నం పెడుతోంది. నాకు వచ్చింది రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం అని తేలడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో నన్నెవరూ అడగని మాట ఒకటుంది. చివరికి దాన్ని అడిగింది డాక్టరు కూడా కాదు, డాక్టరు గది పక్కన కూర్చునే సిస్టర్ గారు. నాలాగా తిరుగుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ జవాబు ముందే ఆలోచించుకుని వెళ్తారని ఇదంతా రాస్తున్నాను.

డిసెంబరుకల్లా నొప్పి రెండు చేతులకూ వచ్చింది. పొద్దున లేవగానే పిడికిలి ముడుచుకోదు. పాల ప్యాకెట్ పళ్లతో చింపేదాన్ని. కణుపులు వాచి పాత సైజు గాజులు ఎక్కలేదు, ఉన్నవి సబ్బు రాసి తీయాల్సి వచ్చింది. సంక్రాంతికి ఎప్పుడూ ఉండే గిరాకీయే, అరవై దాకా జాకెట్లు. కుట్టు ఎలాగో లాగించాను గానీ హుక్కుల దగ్గర ఆగిపోయాను. హుక్కు ఎంతుంటుంది, బియ్యపుగింజకి కాస్త పెద్దది. దాన్ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కదలకుండా పట్టుకుని, ఆ సన్నటి కన్నాల్లోంచి సూది దించాలి. నా వేళ్ల మధ్య అది నిలవదు, జారిపోతుంది. కింద పడ్డ హుక్కుల్ని ఏరలేక అయస్కాంతంతో లాగేదాన్ని. పక్క వీధి అమ్మాయికి జాకెట్‌కు ఇరవై రూపాయలిచ్చి హుక్కులు, చేతికుట్టు చేయించాను. ఆ ఇరవై నాకు మిగిలేదాంట్లోంచే పోయింది.

ఊరందరికీ హుక్కులు కుట్టేదాన్ని, నా జాకెట్‌కు నేను హుక్కు పెట్టుకోలేను. ఏడింటికి కాలేజీ బస్సు ఎక్కే ముందు మా అమ్మాయి వచ్చి పెట్టి పోయేది. ఒకరోజు అది తొందరలో మర్చిపోయి వెళ్లిపోయింది. తొమ్మిదింటి దాకా పమిట కప్పుకుని వంటింట్లోంచి బయటికి రాలేదు.

మా వీధి చివర వైద్యం చేసే ఆయన చూసి "చికున్‌గున్యా నొప్పులమ్మా, ఆర్నెల్లు అలాగే ఉంటాయి" అన్నారు. నాకసలు జ్వరమే రాలేదని చెప్పాను. కొందరికి తెలియకుండా వచ్చి పోతుందన్నారు. వారానికో సూది. సూది వేసిన సాయంత్రానికి పదహారేళ్ల పిల్లలా తిరిగేదాన్ని, నాలుగో రోజుకి మళ్లీ మంచమే. అలా జనవరి నుంచి మార్చి దాకా పది సూదులు, ఒక్కోటి 250. ముఖం గుండ్రంగా అయింది. మా అత్తగారు "కాస్త ఒళ్లు చేశావే" అని సంతోషపడ్డారు.

మధ్యలో ఫిబ్రవరిలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఫీజు 500, ఎక్స్‌రే 800. ఫిల్ము వెలుగులో పెట్టి చూశారు. ఎముకలు బాగున్నాయి, విటమిన్ డి తక్కువుంటుంది అన్నారు. వారానికో పొడి ప్యాకెట్ పాలల్లో కలుపుకుని తాగమన్నారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అని ఒక రక్తపరీక్ష రాశారు, అది నెగెటివ్ వచ్చింది. "వాతం లేదు, ధైర్యంగా ఉండండి" అన్నారు. ఆ కాగితం చూపించి అందరికీ నాకేం లేదని నేనే చెప్పుకుని తిరిగాను. అది నెగెటివ్ వచ్చినా ఈ జబ్బు ఉండొచ్చని నాకు జూన్‌లో గానీ తెలియలేదు. నా చేతులు మాత్రం బల్ల మీద అలాగే ఉన్నాయి. ఆయన వాటిని పట్టుకుని చూడలేదు.

ఏప్రిల్‌లో ఇంకో పొరపాటు చేశాను. ఎవరో చెప్తే కాగితం పొట్లాల్లో కట్టిచ్చే మందు తెప్పించుకున్నాను, నెలకు 1,800. తెల్లటి పొడి. మూడో రోజుకే నొప్పి మాయం. అంత తొందరగా తగ్గినప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, ఇంకో ఇద్దరికి చెప్పాను కూడా. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మే 13న ఓటు వేయడానికి వెళ్లాను. అక్కడ సిరా పూసే కుర్రాడు ఎడమ చూపుడు వేలు పట్టుకుని చాపమన్నట్టు కొంచెం లాగాడు, అంతే. కేక పెట్టాను. లైన్లో ఉన్నవాళ్లంతా చూశారు. పాపం ఆ అబ్బాయి "ఏం చేశానండీ" అని బిక్కమొహం వేశాడు. ఇంటికొచ్చి చూసుకుంటే సిరా గీత కింద వేలు నడుమ లావుగా, చివర సన్నగా, కదురులా ఉంది.

ఆ వారంలోనే మా ఆడపడుచు కూతురు సెలవులకు వచ్చింది. బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది. వడ్డిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి కూడా చూసి, "అత్తయ్యా, ఎముకల డాక్టరు కాదు, దీనికి రుమటాలజిస్టని వేరే ఉంటారు. రెండు చేతులకీ ఒకేలా వచ్చింది చూడు" అంది. అలాంటి డాక్టరు ఉంటారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మే 31న విజయవాడలో ఒకచోటికి ఫోన్ చేస్తే జూన్ 20కి ఇచ్చారు. ఇరవై రోజులు. పరీక్షలో మందు వాసన రాకూడదని నా అంతట నేనే ఆలోచించి పొట్లాలు ఒక్కసారిగా మానేశాను. అయిదో రోజుకి మోకాళ్లు, మడమలు కూడా పట్టేసి బాత్రూమ్‌కు గోడ పట్టుకుని వెళ్లాను. మీరెవరూ అలా చేయకండి. ఎందుకో కింద చెప్తాను.

జూన్ 20, గురువారం. పొద్దున రైలు. విజయవాడలో ఫుట్‌బ్రిడ్జి మెట్లు ఎక్కడానికి పావుగంట పట్టింది, మా ఆయన ముందు వెళ్లి వెనక్కి, మళ్లీ ముందుకు. టోకెన్ 41. డాక్టరు గది కంటే ముందు ఇంకో చిన్న గదిలోకి పిలిచారు. బరువు, బీపీ చూసి పంపేస్తారు అనుకున్నాను. యాభై దాటిన సిస్టర్ గారు, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని ఉన్నారు. బల్ల మీద ఒక దిండు. "చేతులు దీని మీద పెట్టండమ్మా. ఊరికే, బలం పెట్టకుండా" అన్నారు. తర్వాత నలభై నిమిషాలు నేను ఆ గదిలోనే ఉన్నాను.

"పొద్దున లేచాక చేతులు బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంటుంది?"

"కాసేపు ఉంటుందండీ."

"కాసేపంటే?"

"ఏమోనండీ, పనిలో పడితే తెలియదు."

ఆవిడ ఆ మాట వదిలేశారు. ఎన్నింటికి లేస్తారు అన్నారు. అయిదింటికి అన్నాను. లేవగానే ఏం చేస్తారు? పాలు కాస్తాను. ప్యాకెట్ దేంతో కోస్తారు? పళ్లతో అని చెప్పాలంటే సిగ్గేసింది, చెప్పాను. పళ్లు తోముకునేటప్పుడు బ్రష్ చేతిలో నిలుస్తుందా? పేస్టు ట్యూబు ఎవరు నొక్కుతారు? చివరికి, "జడ ఎన్నింటికి వేసుకుంటారు?"

ఆలోచించాను. ఇదివరకు లేవగానే వేసుకునేదాన్ని. ఇప్పుడు అమ్మాయి బస్సెక్కి వెళ్లిపోయాక, అప్పటికి గానీ పాయలు పట్టు చిక్కవు. "ఏడున్నరకండీ" అన్నాను.

"అయిదు నుంచి ఏడున్నర. రెండున్నర గంటలు" అని రాసుకుని, కళ్లజోడు దించి నా వైపు చూశారు. "అరుగుదల నొప్పయితే లేచాక పది నిమిషాలో, మహా అయితే అరగంటో పట్టేసి వదులుతుంది. పని చేసేకొద్దీ సాయంత్రానికి ఎక్కువవుతుంది. మీకు పొద్దునే ఎక్కువ, కదిలేకొద్దీ నయం. అవునా?" అవును. ఏడు నెలలుగా అదే. నాకు తెలిసిన సంగతే, కానీ అది చెప్పాల్సిన సంగతని తెలియదు.

నొప్పికి మార్కులు వేయమన్నారు, సున్నా నుంచి పది దాకా. "ఏడు వేసుకోండి" అన్నాను. "బేరం కాదమ్మా. పది అంటే మీ జీవితంలో పడ్డ అన్నింటికంటే పెద్ద నొప్పి. దాంతో పోల్చి చెప్పండి." నా పెద్ద నొప్పి మా అమ్మాయి పురుడు. కళ్లు మూసుకుని పోల్చుకున్నాను. పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం అయిదు అన్నాను. రెండూ విడివిడిగా రాసుకున్నారు.

తర్వాత కీళ్లు. ఒక్కో కణుపునూ రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఆవిడ బొటనవేలి గోరు తెల్లబడేదాకా నొక్కుతారు, నా చేతిని కాదు, నా ముఖాన్ని చూస్తూ. నేను "లేదండీ" అన్నా ముఖం ముడుచుకుంటే టిక్కు పెట్టేశారు. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ల కణుపులు, మోకాళ్లు, మొత్తం 28 లెక్క పెడతారట. నావి నొక్కితే నొప్పి ఉన్నవి 16, వాపున్నవి 11. పాదాలు ఆ లెక్కలోకి రావు, అయినా చెప్పులు విప్పించి, పాదాన్ని రెండు పక్కల నుంచీ కలిపి ఒత్తారు. ప్రాణం పోయినంత పనైంది. "నడుస్తుంటే చెప్పులో గులకరాయి ఉన్నట్టుందా?" అని అడిగారు. నెల నుంచీ నేను చెప్పులు దులుపుకుంటూనే ఉన్నాను.

బీపీ పట్టీని చుట్టలా చుట్టి, 20 దాకా గాలి కొట్టి నా చేతిలో పెట్టి పిండమన్నారు. ఉన్న బలమంతా పెట్టాను. కుడి చేతికి 58, ఎడమకి 46. బాగున్న ఆడవాళ్లయితే 200 దాటిస్తారట. 22 ఏళ్లు కత్తెర పట్టిన చెయ్యి నాది. అప్పటిదాకా ఏడవలేదు, అక్కడ ఏడ్చాను. ఆవిడ ఊరుకోమనలేదు. టిష్యూ డబ్బా ఇటు జరిపి, "నిద్ర పడుతోందా? ఎందుకీ బతుకు అనిపించిందా ఎప్పుడైనా?" అని, టోకెన్ నంబరు అడిగినంత మామూలుగా అడిగారు. అనిపించిందన్నాను. అదీ రాసుకున్నారు.

"సూదులు, పొట్లాలు ఏమైనా వాడారా?" అంటే మొదట లేదన్నాను. "తిట్టడానికి కాదమ్మా, మీ ముఖం చూస్తే వాడినట్టే ఉంది" అన్నారు. అన్నీ చెప్పాను. పొట్లంలో ఏముందో ఎవరూ చెప్పలేరు గానీ, అలా మూడు రోజుల్లో తగ్గిందంటే స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చట. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఒంట్లో సొంతంగా తయారయ్యేది కూడా సరిపోక, బీపీ పడిపోయి ప్రమాదం కావచ్చట. ఎంత పిచ్చి పని చేశానో అప్పుడు అర్థమైంది. డాక్టరు గారికి చూపించే కాగితం మీద ఆ ఒక్క లైన్ కింద ఎర్ర పెన్నుతో గీత గీశారు.

డాక్టరు గది సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. ఏడెనిమిది నిమిషాలు. ఆయన ఆ కాగితం చదివి, నాలుగైదు కీళ్లు తాను కూడా చూసి, పరీక్షలు రాశారు. ఈ జబ్బును పట్టుకునే యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష ఒక్కదానికే 1,400. ఒంట్లో వాపు ఎంతుందో చూసే ఈఎస్ఆర్, సీఆర్పీ, ఇంకా లివర్, కిడ్నీ, హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే, అన్నీ కలిపి 5,900. ఫీజు 700. మందులు మొదలెట్టకుండానే ఆ రోజుకి ఆరున్నర వేలు దాటింది, సాయంత్రం రైల్లో మా ఆయన మాట్లాడలేదు.

రిపోర్టుల్లో ఈఎస్ఆర్ 78, సీఆర్పీ 42, యాంటీ సీసీపీ చాలా ఎక్కువ. జూన్ 25న మళ్లీ వెళ్లాం. కీళ్ల లెక్క, ఈఎస్ఆర్, నా అంతట నేను గీత మీద పెట్టుకున్న మార్కు, ఇవన్నీ కలిపి ఒక స్కోరు కడతారు. నాది 7.2. 5.1 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. డాక్టరు గారు పేరు చెప్పగానే, నిజం చెప్తున్నా, హాయిగా అనిపించింది. ఏడు నెలలుగా "ఏం లేదు" అనిపించుకున్నదాన్ని కదా. భయం రాత్రికి వచ్చింది.

మందులు రాశాక మళ్లీ సిస్టర్ గారి గదికే పంపారు. ఆ పాతిక నిమిషాలు లేకపోతే నేను ఏమైపోయేదాన్నో. మెథోట్రెక్సేట్ అనే మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. "రోజూ కాదు, వారానికి ఒక్కసారి. పొరపాటున రోజూ వేసుకుని, నోరంతా పుండ్లు పడి, తెల్లకణాలు పడిపోయి ఐసీయూలో చేరినవాళ్లను నేను చూశాను. ఏ రోజు కావాలో మీరే చెప్పండి." శనివారం నాకు ఒక్కపొద్దు, గురువారం బాబా గుడి, శుక్రవారం ఇంట్లో పూజ. బుధవారం అన్నాను. మార్కర్‌తో డబ్బా మీద "బుధవారం మాత్రమే" అని పెద్దగా రాశారు. గురు, శుక్రవారాల్లో ఫోలిక్ యాసిడ్. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే ఇంకో మాత్ర రోజూ, స్టెరాయిడ్ చిన్న మోతాదు, కొన్ని వారాలకోసారి తగ్గించుకుంటూ. "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, మొదటి నుంచీ" అన్నారు. రెండుసార్లు తప్పు చెప్పాను. మూడోసారికి వదిలిపెట్టారు.

పిల్లలు కలగకుండా ఆపరేషన్ అయిందా అని అడిగారు. అయింది. కాకపోయుంటే ఈ మందు ఇవ్వడానికి ముందు వేరే లెక్కలుంటాయట, కడుపులో బిడ్డకు మంచిది కాదు. జ్వరం వచ్చినా, దగ్గు ఆయాసం వచ్చినా ఆ వారం మాత్ర ఆపి ఫోన్ చేయాలి. వంకాయ, గోంగూర, పప్పు మానేయాలా అని అడిగాను, మా ఇంట్లో అప్పటికే అన్నీ మానిపించారు. "మీ హిమోగ్లోబిన్ 9.8 ఉంది. పప్పు మానేస్తే ఏం తింటారు?" అన్నారు.

ఒక చిన్న సంగతి. రెండో నెల మాత్రలు మా దగ్గర మందుల షాపులో కొన్నప్పుడు, ఆ కుర్రాడు కవరు మీద "రాత్రి 1" అని రాసిచ్చాడు. రోజూ రాత్రి అనే అర్థం. చీటీలో స్పష్టంగా బుధవారం అని ఉంది. మా అత్తగారో మా ఆయనో ఆ కవరు చూసి ఇచ్చేవాళ్లయితే? ఆ కవరు చింపి, మాత్రలు పాత డబ్బాలోనే పెట్టుకున్నాను.

జూలై అంతా కష్టంగా గడిచింది. ఈ మందు పని మొదలెట్టడానికే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందని చెప్పారు గానీ, చెప్పించుకోవడం వేరు, ఎదురుచూడటం వేరు. గురువారాలు వికారం, అన్నం వాసన పడదు. దువ్వెనకి జుట్టు. జూలై 22న రక్తపరీక్షలో లివర్ బాగానే ఉందని మాత్ర మోతాదు 10 నుంచి 15కి పెంచారు. "ఇంకా తగ్గలేదు" అని సిస్టర్ గారి మీద విసుక్కున్నాను కూడా. ఆవిడ నా వంటింటి మీద పడ్డారు. అన్నం గిన్నె పట్టకారుతో ఒక్కచేత్తో దించొద్దు, మసిగుడ్డతో రెండు అరచేతులూ కింద పెట్టి దించండి. కుళాయి వేళ్లతో కాదు, అరచేయి ఆనించి తిప్పండి. బట్టలు పిండొద్దు, నీళ్లు కారేలా వేలాడదీయండి. పొద్దున గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు చేతులు పెట్టి, అందులోనే వేళ్లు ముడవండి, చాపండి. మోకాలు ఎర్రగా వేడిగా ఉన్నప్పుడు మాత్రం కాపడం పెట్టొద్దు, చల్లటి గుడ్డ వేయండి. నేను అప్పటిదాకా సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేస్తున్నాను. మోకాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకోవడం కూడా మానిపించారు, హాయిగా ఉంటుంది గానీ కాలు వంగి అలాగే బిగుసుకుపోతుందట.

కత్తెర పిడికి పాత బనీను గుడ్డ చుట్టి లావు చేసుకోమన్నారు. వికారంగా ఉంటుంది గానీ పని చేస్తుంది, ఇప్పటికీ అలాగే వాడుతున్నాను. మిషన్‌కు మోటారు పెట్టించుకున్నాను, 1,900. మెత్తటి రబ్బరు అడుగుండే ఎం.సి.ఆర్. చెప్పులు 450. అరగంటకోసారి లేవడానికి ఫోన్లో అలారం. అది మోగితే మా అత్తగారు "ఆఫీసు గంట కొట్టింది" అంటారు.

సెప్టెంబర్ 3న రివ్యూ. సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడింది. రైళ్లు లేవు, రోడ్డు మీద వెళ్లే ధైర్యం లేదు. ఇంట్లో ఒక్క బుధవారానికే మాత్రలున్నాయి, రక్తపరీక్ష గడువు దాటుతోంది. ఆసుపత్రి నంబరు కలవలేదు. నాలుగో రోజు సిస్టర్ గారే ఫోన్ చేశారు. ఆవిడ ఇల్లు సింగ్ నగర్‌లో, కింద అంతస్తు మునిగి పైవాళ్లింట్లో ఉన్నారు. అక్కడి నుంచి, ఆ వారం రావాల్సినవాళ్లందరికీ తన సొంత ఫోన్ నుంచి చేస్తున్నారు. తెనాలిలోనే రక్తం ఇచ్చి రిపోర్టు వాట్సాప్‌లో పంపమన్నారు. "వరద నీళ్లలో దిగారా? కాళ్లకు పుండ్లేమైనా?" అని నన్ను అడుగుతున్నారు. నేను "మీకు భోజనం ఉందా" అని అడగాలని కూడా తోచలేదు, ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది.

సెప్టెంబర్ 17న వెళ్తే నొప్పి కీళ్లు 7, వాపు 4, స్కోరు 5.2. బీపీ పట్టీ పిండితే కుడి 96. ఇంట్లో నాకు పెద్ద తేడా తెలియలేదు గానీ ఆ కాగితం మీద తెలిసింది. స్టెరాయిడ్ ఆపే దారిలో పెట్టారు. వికారం మాత్రం వదల్లేదు, బుధవారం వస్తోందంటే మంగళవారం నుంచే కడుపులో తిప్పేది. ఒక వారం వేసుకోకుండానే వేసుకున్నానని చెప్పాను. ఆవిడ స్ట్రిప్పు చూపించమన్నారు, మాత్రలు లెక్కపెట్టారు. దొరికిపోయాను. కోప్పడకుండా డాక్టరు గారితో మాట్లాడి, అక్టోబర్ నుంచి మాత్ర బదులు చర్మం కిందికి వేసుకునే ఇంజెక్షన్‌కు మార్పించారు.

అది నేనే వేసుకోవాలంటే ముందు ఒప్పుకోలేదు. రోజుకు వందసార్లు సూది పట్టేదానివి నీకు భయమేంటి అని మా ఆయన నవ్వారు. మొదటిసారి సిస్టర్ గారి ముందు, ఒక స్పాంజి ముక్క మీద మూడుసార్లు, తర్వాత నా పొట్ట మీద. బొడ్డుకు రెండంగుళాలు పక్కగా చర్మం చిటికెడు ఎత్తి పట్టుకోవాలి. ఆ చిటికెడు పట్టు ఎడమ చేత్తో నిలవడానికి నాకు చాలా టైమ్ పట్టింది, సూది దిగడానికి ఒక్క క్షణం. వాడిన సూదులు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక ఆసుపత్రికే తెచ్చివ్వాలి. చెత్తబండికి ఇవ్వకూడదు. వికారం సగానికి సగం తగ్గింది. వారానికి సుమారు వంద రూపాయలు ఎక్కువ ఖర్చు.

నవంబర్ 15 కార్తీక పౌర్ణమికి 365 ఒత్తుల కట్ట కొనేశాను. మా అత్తగారు ఏమీ అనలేదు.

ఇప్పటిదాకా లెక్క చూస్తే జనవరి నుంచి జూన్ దాకా సూదులు, పొట్లాలు, ఎక్స్‌రేలకి దాదాపు ఏడున్నర వేలు పోశాను. విజయవాడ మొదలయ్యాక ఇప్పటికి ముప్పై వేల దాకా అయింది, ఇందులో ఫ్లూ, న్యుమోనియా టీకాలు కూడా ఉన్నాయి. వాటి ఖర్చు గురించి ముందు ఎవరూ చెప్పలేదు, చెప్తే ఆ నెల చీటీ పాడుకునేదాన్ని. మొదట అన్నీ కలిపి అడిగితే దేనికెంతో రాసిస్తారు, అడగండి.

2025 జనవరి 21న రివ్యూ. సిస్టర్ గారు ఎప్పటిలాగే దిండు మీద చేతులు పెట్టించి, "జడ ఎన్నింటికి?" అన్నారు. అయిదింటికి లేచి అయిదూ నలభైకి వేసుకున్నానన్నాను. నలభై నిమిషాలు అని రాసుకున్నారు. నొప్పి మూడు కీళ్లలో, వాపు ఒక్కదాంట్లో. స్కోరు 3.8. ఇంకా 3.2 కిందికి రావాలట. పట్టీ పిండితే కుడి 130 వచ్చింది, ఎడమ మాత్రం 84 దగ్గర ఆగిపోయింది. ఎడమ మణికట్టు ఇంకా లొంగలేదు. దానికి రాత్రిళ్లు కట్టుకునే పట్టీ వాడుతున్నారా అని అడిగారు. నేను కిటికీ వైపు చూశాను. రైల్లో మర్చిపోయి నెలన్నరైంది, 650 పెట్టి కొన్నది, ఇంట్లో కూడా చెప్పలేదు. మళ్లీ కొలత తీసుకున్నారు. ఏప్రిల్ 22కి రమ్మన్నారు, హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నందుకు ఈలోపు కళ్ల పరీక్ష చేయించుకోమన్నారు.